పదిహేడో పెట్టె

మేడమ్ గారికి,
లక్షా ఎనభై వేలకు లెక్క రాయమన్నారు.
రాస్తా ఉండాను.
ఏడో తరగతి చేతిరాత,
గీత దాటితే ఏమీ అనుకోవద్దండి.

తేనెపెట్టెలు నలభై.
పలమనేరు నుంచి మినీలారీలో తెచ్చినాము,
రాత్రిపూట, ఈగలు అణిగి ఉండే వేళ.
బాడుగ రసీదు జత చేసినాను.
దానిమీది మైనం మరక మాది కాదు, వాటిది.

కంబీ మూడు చుట్టలు. రాతికూసాలు ఎనభై రెండు,
అందులో రెండు దించేటప్పుడే విరిగినాయి.
టీలు నూటపన్నెండు. బిల్లు లేదు.
కుప్పమ్మ అంగట్లో ఎవురిస్తారు బిల్లు?
వేలిముద్ర వేసిచ్చింది, చూసుకోండి.

ఫలితం అనే గడి చిన్నది.
"బాగుంది" అని రాసి కొట్టేసినాను.
మళ్ళా రాసినాను. మళ్ళా కొట్టేసినాను.
మొన్న అమాసకు పదకొండు ఏనుగులు
కౌండిన్య అడివి దిగి మా నక్కలదిన్నెకొచ్చినాయి.
కంబీ తగిలింది, పెట్టెలు ఊగినాయి.
ఈగలు లేచిన సద్దు
మిద్దెమీద పడుకున్నోళ్ళకు వినిపించింది,
కాగిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు.
పెద్దది చెవులు విదిలించుకుని వెనక్కి తిరిగింది.
టపాకాయలు కాల్చలేదు, డబ్బాలు వాయించలేదు.
పదేండ్లలో మొదటిసారి
రాగిచేను గట్టున మనుషులు
గుసగుసగా మాట్లాడుకున్నారు.
ఎంత సన్నగా రాసినా ఇది గడిలో పట్టదు.

తేనె పదకొండు కిలోలు.
మూడు కిలోలు బడిపిల్లోళ్ళు దోసెల్లోకి నాకేసినారు.
తప్పయితే నా పేరున రాసుకోండి.

ఇంగ మీరు ఎర్రసిరాతో అడిగింది:
నలభై కొని ముప్పైతొమ్మిదే కట్టినారు, ఎందుకని.

పదిహేడో పెట్టె
చెంగల్రాయుడి చెరుకుతోట మూల వేలాడాల్సింది.
ఈ దుడ్డు రాకముందు
ఆ మూల కంచెలో కరెంటు ఉండె.
అడివిపందులకని పెట్టినాడు.
తగిలింది ఆడయేనుగుకు.
తెల్లారి మేం పోయి చూస్తే
చెరుకుగెడ నోట్లోనే ఉంది, నమలకుండా.
ఫారెస్టోళ్ళు తీసకపోయినారు ఆయన్ని.
ఎనిమిది నెల్లకు తిరిగొచ్చినాడు,
చొక్కా మాత్రం అదే, లోపల మనిషి సగం.
భార్య భాగ్యమ్మ మా సంఘంలో సభ్యురాలు.
ఆ ఎనిమిది నెల్లూ ఒక్క కంతు తప్పలేదు.

ఆ పెట్టె కట్టినాము మేడమ్, కట్టలేదని కాదు.
మూడోనాటికి ఈగలు లేచిపోయినాయి.
ఇంకో పట్టు తెచ్చి పెట్టినాము. అదీ పోయింది.
చీమలన్నారు, ఎండపొడ అన్నారు.
నాకు తెలీదు.
తెలిసిందల్లా ఇది:
మంద ఎప్పుడొచ్చినా ఆ మూల నిలబడతాది.
మేయదు.
తొండాలు నేలకానించి కొంచేపు,
ఒక ఆవు పాలు పిండేంత సేపు.

ఒకనాడు చెంగల్రాయుడే పార తీసుకోనొచ్చినాడు.
ఎవురితోనూ మాట్లాడలేదు.
ఆ మూల చెరుకు తనే కొట్టేసినాడు,
కూసాలు పెరికి వెనక్కి నాటినాడు, అడ్డంగా.
మూల అడివి పక్కకు పోయింది.
కంచె పొట్టిదయింది, ఒక పెట్టె మిగిలింది.
పరిహారం రాద్దామా అంటే
అడిగే నోరు నాకు లేదమ్మా అన్నాడు.
తీర్మానం మీద పద్నాలుగు సంతకాలు,
మొదటిది భాగ్యమ్మది.

కాబట్టి, పథకంలో మార్పు అనే చోట
ఒక మూల తక్కువ అని రాసుకోండి.
దానికి ఖర్చు కాలేదు.

మిగులు ఎనిమిదివందల డెబ్బై రూపాయలు
వెనక్కి పంపతా ఉండాను.
ఖాళీపెట్టె మా ఇంట్లోనే ఉంది,
రసీదులు అందులోనే దాస్తా ఉండాను.
దాన్ని నష్టం కింద వెయ్యొద్దని మనవి.
నిన్న మధ్యాన్నం ఒక ఈగ వచ్చి
లోపలంతా తిరిగి చూసుకుని పోయింది.

ఇట్లు,
పరిమళ, కోశాధికారి,
సంఘం ముద్ర ఇంకా చేయించలేదు.